భాగం 8: పాత లారీ కేబిన్ గోడ – నెల్లూరు తీర రవాణా చరిత్రకు ఒక వస్తు ఆధారం

8.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• రాతపత్రాలు తక్కువగా ఉన్న చోట ఒక వాడుక వస్తువును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో వివరించగలుగుతారు.
• మన దేశంలో లారీ ఛాసిస్, లారీ కేబిన్ వేర్వేరు చేతుల్లో తయారు కావడానికి గల నేపథ్యాన్ని తెలపగలుగుతారు.
• కేబిన్ లోపలి గోడకు వేసిన పొరలను, అవి చేసే పనిని, వాటి కాలాన్ని గుర్తించగలుగుతారు.
• ఉప్పుగాలి వీచే తీరంలో ఆ పొరలు ఎందుకు, ఎలా పాడవుతాయో చెప్పగలుగుతారు.
• డ్రైవర్ పనిచేసే చోటు చట్టం దృష్టికి ఎందుకు ఆలస్యంగా వచ్చిందో చర్చించగలుగుతారు.

8.1 పరిచయం

వస్తు ఆధారాలు అనగానే మీకు నాణేలు, మట్టిపాత్రలు, ఉదయగిరి కోట వంటి కట్టడాలు గుర్తుకు వస్తాయి. రాజుల చరిత్రకు, మతాల చరిత్రకు, వర్తకుల చరిత్రకు ఇవి చాలావరకు సరిపోతాయి. కాని ఇరవయ్యో శతాబ్దంలో రోడ్డుమీద బతికిన మనుషుల చరిత్ర రాయాలంటే ఏ ఆధారం చూడాలి? లారీ యజమాని దగ్గర పర్మిట్ కాగితం ఉంటుంది. రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ వివరాలు ఉంటాయి. సరుకు బరువు, కిరాయి, పన్ను రాసి ఉంటాయి. ఆ లారీలో రాత్రీపగలూ కూర్చున్న డ్రైవర్, క్లీనర్ ఎంత వేడిని భరించారన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

ఆ సంగతి కొంతవరకు చెప్పగలిగినది కేబిన్ లోపలి గోడ. లారీ తయారైనప్పుడు దానికి ఏమి వేశారు, తరువాత ఎవరు ఏమి అంటించారు, ఎక్కడ తుప్పు పట్టింది, ఎక్కడ గోనెగుడ్డ కుక్కారు అన్నవి ఆ గోడలో పొరలుపొరలుగా నిలిచి ఉంటాయి. పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వకపు గుంత గోడలో మట్టి పొరలను చదివినట్లే మనం ఈ గోడను చదవవచ్చు. మీలో కొందరి ఇళ్ళలో లారీ నడిపినవారు ఉండే ఉంటారు. ఈ భాగం చదివేటప్పుడు వారు చెప్పిన మాటలను కూడా గుర్తు చేసుకోండి.

ఈ భాగంలో మనం నిరూపించదలచిన విషయం ఒక్కటే. వేడిని ఆపే పదార్థాలు నెల్లూరు తీరానికి కొత్తవి కావు. అవి ఇక్కడే దొరికాయి, ఇక్కడే వాడుకలో ఉన్నాయి. అవి డ్రైవర్ గోడ దాకా ఆలస్యంగా చేరడానికి కారణం విజ్ఞానం లేకపోవడం కాదు. ఆ గోడ ఎవరి బాధ్యత అన్నది తేలకపోవడం.

8.2 నెల్లూరు తీరం: పడవ నుంచి లారీకి

ముందుగా ఈ ప్రాంతపు రవాణా నేపథ్యాన్ని క్లుప్తంగా చూద్దాం. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు తీరపు బరువు సరుకు చాలావరకు నీటిమీదే కదిలేది. తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువ కృష్ణా డెల్టా కాలువలను మద్రాసుతో కలిపింది. 1876–78 నాటి కరవు కాలంలో కరవు పనుల కింద ఈ కాలువ పనులు ముందుకు సాగాయి. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి స్థిరపడింది. బియ్యం, ఉప్పు, వంటచెరకు పడవల్లో మద్రాసుకు చేరేవి. 1899 నాటికి మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గం పూర్తయింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో తుఫానుల దెబ్బకు, పూడికకు కాలువ పాడైంది. రోడ్డు పోటీ కూడా తోడవడంతో పడవల రాకపోకలు క్రమంగా ఆగిపోయాయి.

ఆ సరుకును లారీ అందుకుంది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే పాత ట్రంకు రోడ్డు తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా సాగుతుంది. నెల్లూరు నగరంలో ఒక ప్రధాన వీధిని నేటికీ ట్రంకు రోడ్డు అనే పిలుస్తారు. జాతీయ రహదారి 5గా చాలాకాలం పేరున్న ఈ దారి 2010 నాటి కొత్త లెక్కలో జాతీయ రహదారి 16 అయింది. నెల్లూరు బియ్యం, గూడూరు ప్రాంతపు అభ్రకం, ఇసకపల్లి వంటి తీరగ్రామాల ఉప్పు, తరువాతి రోజుల్లో చేపలు, రొయ్యలు, 2008లో కృష్ణపట్నం రేవు ఆధునిక రూపంలో ప్రారంభమయ్యాక బొగ్గు, ఇనుప ఖనిజం ఈ దారినే లారీలు మోశాయి.

ఈ దారి వాతావరణం కూడా మన కథలో భాగమే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయనే మాట ఈ జిల్లాలో ఉత్త మాట కాదు. మే నెలలో ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు. ఏడాది పొడవునా సముద్రం మీది నుంచి ఉప్పు కలిసిన తేమ గాలి. ఒకే గోడ వేసవిలో వేడిని, వానాకాలంలో నీటిని, ఎల్లప్పుడూ ఉప్పును తట్టుకోవాలి.

8.3 ఛాసిస్ ఒకరిది, కేబిన్ మరొకరిది

బ్రిటిష్ పాలన చివరి దశాబ్దాల్లో మన దేశానికి వచ్చిన లారీలు ఎక్కువగా విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించినవి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో అలాంటి కర్మాగారం పెట్టింది. ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు, చక్రాలు బిగించిన ఛాసిస్‌ను కొన్నవారు దానిపై కేబిన్‌ను, సరుకు బాడీని స్థానికంగా కట్టించుకునేవారు. ఆ పని చేసినవారు అంతకుముందు గుర్రపు బళ్ళు, జట్కాలు కట్టిన వడ్రంగులు, కమ్మరులు, తోలుపనివారు. మద్రాసులో 1840లో గుర్రపుబళ్ళ తయారీతో మొదలైన సింప్సన్ సంస్థ తరువాత మోటారు వాహనాల బాడీలకు మళ్ళడం ఈ మార్పుకు మంచి ఉదాహరణ. వాహనం మారింది గాని పనితనం మారలేదు. కర్ర చట్రం, దానిమీద రేకు, లోపల గుడ్డ లేదా తోలు. బగ్గీకి చేసిన పద్ధతే లారీ కేబిన్‌కూ వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత దేశంలోనే లారీలు తయారుకావడం మొదలైంది. 1945లో స్థాపించిన టెల్కో 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని లారీలు తయారుచేసింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. మద్రాసు పక్కన ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్, బ్రిటిష్ లేలాండ్ సంస్థ భాగస్వామ్యంతో 1955లో అశోక్ లేలాండ్ అయింది. నెల్లూరు నుంచి ఇదే ట్రంకు రోడ్డు మద్రాసు వైపు సాగుతుంది.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. ఈ కర్మాగారాల నుంచి లారీ పూర్తి కేబిన్‌తో బయటకు రావడం చాలాకాలం తప్పనిసరి కాలేదు. ఎక్కువ లారీలు కేబిన్ లేని ఛాసిస్‌గానే, ముందు భాగంలో రేడియేటర్ చుట్టూ కొంత రేకుతో అమ్ముడయ్యేవి. డ్రైవర్ తాత్కాలికపు సీటు మీద, ఎండలోనే కూర్చుని ఆ ఛాసిస్‌ను బాడీ కట్టే ఊరికి తోలుకొని వెళ్ళేవాడు. మన రాష్ట్రంలో 1960లలో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్, తమిళనాడులో నామక్కల్ ఈ పనికి పేరు పొందాయి. నెల్లూరు ఈ దారి మీదే ఉంది, ఇక్కడా ఒక ఆటోనగర్ పెరిగింది.

ఈ పద్ధతికి కారణాలు ఉన్నాయి. సరుకును బట్టి బాడీ మారాలి. స్థానిక పనివారి కూలి తక్కువ. మరమ్మతు చేయగలవారు ప్రతి ఊళ్ళో ఉంటారు. లారీలకు కొరత ఉన్న రోజుల్లో కంపెనీ తన శక్తినంతా ఇంజను మీద, ఇరుసుల మీద పెట్టింది. ఫలితంగా లారీ రెండు ముక్కలైంది. ఇంజను శక్తికి, బ్రేకుకు, మోయగల బరువుకు కంపెనీ బాధ్యత వహించింది. కేబిన్ గోడకు మాత్రం యజమాని ఎంత ఇస్తే అంత పని జరిగింది. యజమాని ఖర్చు తగ్గించాలనుకుంటే మొదట తగ్గేది చూసేవారికి కనిపించని పొర, అంటే రేకుకూ లోపలి పలకకూ మధ్య ఉండే పొర.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను ఈ భాగం చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చుకోండి.
(అ) నెల్లూరు తీరంలో పడవ రవాణా తగ్గడానికి రెండు కారణాలు తెలపండి.
(ఆ) లారీ కేబిన్ కట్టే పనితనం ఏ పాత వృత్తుల నుంచి వచ్చింది?

8.4 గోడను పొరలుగా చదవడం

ఒక పాత లారీ కేబిన్ వెనుక గోడను బయటినుంచి లోపలికి చదువుదాం. అన్ని లారీల్లో అన్ని పొరలూ ఉండవు. ఏ పొర లేదో గమనించడం కూడా చదవడమే.

మొదటి పొర: రంగు, దాని కింద లప్పం, ఎర్రటి రెడాక్సైడ్ పూత. రంగు పొరలను లెక్కిస్తే లారీ ఎన్నిసార్లు రంగు మార్చుకుందో, కొన్నిసార్లు ఎన్ని చేతులు మారిందో తెలుస్తుంది.

రెండో పొర: ఇనుప రేకు. రివెట్లు వేసి బిగించారా, వెల్డింగు చేశారా అన్నది చూడండి. తరువాత అతికిన అతుకులు కనిపిస్తే ప్రమాదం గాని తుప్పు గాని జరిగిందని అర్థం.

మూడో పొర: చట్రం. పాత కేబిన్లలో కర్ర, తరువాతి వాటిలో ఇనుప యాంగిల్ లేదా గొట్టం.

నాలుగో పొర: ఖాళీ, లేదా అందులో నింపినది. గోనెగుడ్డ, కొబ్బరి పీచు, జనపనార అట్ట, తారు పూసిన షీటు, థర్మాకోల్, స్పంజి వంటివి ఇక్కడ ఉంటాయి. మన చరిత్రకు అన్నిటికంటే ముఖ్యమైన పొర ఇదే.

ఐదో పొర: ప్లైవుడ్ గాని హార్డ్‌బోర్డు గాని.

ఆరో పొర: పైన కనిపించే రెగ్జిన్, దాని అంచులకు బీడింగ్, దానిమీద దేవుళ్ళ పటాలు, అద్దాలు, ప్లాస్టిక్ పూలదండలు, క్యాలెండర్లు. ఈ గోడకు ఆనుకొనే డ్రైవరు, క్లీనరు వంతులవారీగా పడుకునే బల్ల ఉంటుంది. అంటే ఇది ఒకేసారి పనిచోటు గోడ, పడకగది గోడ, పూజగది గోడ.

8.4.1 పొర కాలాన్ని ఎలా నిర్ణయించాలి?

తవ్వకంలో ఒక పొరలో 1835 నాటి నాణెం దొరికితే ఆ పొర 1835 కంటే ముందుది కాదని చెబుతాం. ఇదే సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ఒక పదార్థాన్ని కనిపెట్టక ముందు అది గోడలో ఉండదు. చెక్కపొట్టును ఆవిరితో విడదీసి, నొక్కి తయారుచేసే హార్డ్‌బోర్డును అమెరికాలో విలియం మేసన్ 1924లో రూపొందించాడు. స్పంజిగా మనం పిలిచే పాలీయూరిథేన్‌కు మూలమైన రసాయన ప్రక్రియను జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టింది. రెగ్జిన్ అనే మాట మొదట ఒక బ్రిటిష్ కంపెనీ తయారుచేసిన కృత్రిమ తోలుగుడ్డ పేరు. తరువాత ఆ రకం గుడ్డలన్నిటికీ మన దగ్గర అదే పేరైంది. తొలినాటి రెగ్జిన్ నూలుగుడ్డ మీద సెల్యులోజ్ పూత. ఇప్పుడు మనం చూసేది పీవీసీ పూత.

అయితే ఒక హెచ్చరిక. ఛాసిస్ వయసు, కేబిన్ వయసు, లోపలి పొర వయసు మూడూ ఒకటి కావు. ఆర్‌సీ పుస్తకంలో ఉన్న సంవత్సరం ఛాసిస్‌ది. దానిపై కేబిన్‌ను మధ్యలో మార్చి ఉండవచ్చు. రెగ్జిన్ అంతకన్నా ఎక్కువసార్లు మారి ఉంటుంది. ఆర్‌సీ సంవత్సరం చూసి గోడంతా అప్పటిదే అనుకుంటే, గర్భగుడి శాసనం చూసి గోపురం కూడా అప్పటిదే అన్నట్లవుతుంది.

8.5 వేడి, చప్పుడు, ఉప్పు

8.5.1 వేడి ఎలా లోపలికి వస్తుంది?

కేబిన్‌లోకి వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. ఎండకు కాలిన పైకప్పు, పక్కగోడలు, వెనుక గోడ ఒకవైపు. ఇంజను రెండోవైపు. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ ఉన్న పాత లారీల్లో ఇంజను చాలావరకు కేబిన్ బయట ఉండేది. సరుకుకు ఎక్కువ చోటు దొరకాలని కేబిన్‌ను ముందుకు జరిపిన లారీల్లో ఇంజను డ్రైవర్, క్లీనర్ సీట్ల మధ్యకు వచ్చింది. చోటు లాభం సరుకుకు, వేడి నష్టం మనిషికి వచ్చింది.

వేడిని ఏ పదార్థం ఎంత సులభంగా దాటనిస్తుందో చూడండి. కింది అంకెలు వాటి ఉష్ణవాహకతకు సుమారు విలువలు, వాట్లు/మీటరు-కెల్విన్‌లలో:

ఉక్కు – 50
నీరు – 0.6
ప్లైవుడ్ – 0.13
కొబ్బరి పీచు, జనపనార అట్ట (పొడిగా ఉన్నప్పుడు) – 0.04 నుంచి 0.05
పాలీయూరిథేన్ నురగ – 0.03
కదలని గాలి – 0.025

అంటే ఉక్కు కదలని గాలి కంటే 2000 రెట్లు ఎక్కువగా వేడిని దాటనిస్తుంది. ఉత్త రేకు గోడ వేడికి అడ్డమే కాదు. పీచుగాని, నురగగాని చేసే పని ఏమిటంటే గాలిని చిన్నచిన్న గదుల్లో కదలకుండా పట్టి ఉంచడం. గోనెగుడ్డ కుక్కిన మేస్త్రీకి ఈ అంకెలు తెలియకపోవచ్చు, సూత్రం తెలుసు.

చప్పుడు సంగతి కొంచెం వేరు. రేకు డప్పులా మోగుతుంది. దానికి బరువైన, మెత్తని తారుషీటు అంటిస్తే ఆ మోత తగ్గుతుంది. తారుషీటు వేడిని పెద్దగా ఆపదు, స్పంజి రేకు మోతను పెద్దగా ఆపదు. అందుకే మంచి గోడకు రెండూ కావాలి.

8.5.2 ఉప్పుగాలి చేసే పని

పై పట్టికలో నీటి అంకెను మళ్ళీ చూడండి. కదలని గాలికంటే నీరు సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని దాటనిస్తుంది. గోనెగుడ్డ, జనపనార, తెరిచిన రంధ్రాలున్న మామూలు స్పంజి తేమను పీల్చుకుంటాయి. తడిసిన పొర వేడిని ఆపదు. అంతేకాదు, తడిని రేకుకు ఆనించి ఉంచుతుంది. ఆ తడిలో ఉప్పు ఉంటే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది, ఎందుకంటే ఉప్పునీరు విద్యుత్తును సులభంగా ప్రసరింపజేస్తుంది, తుప్పు పట్టడం విద్యుత్-రసాయన ప్రక్రియ.

కాబట్టి ఉప్పు మూటలు మోసిన లారీలో గాని, ఎప్పుడూ తీరం వెంట తిరిగిన లారీలో గాని ఒక వింత కనిపిస్తుంది. గోడకు పొర వేసిన కేబిన్ లోపలినుంచి తుప్పు పట్టి ఉంటుంది, రెగ్జిన్ మీద ఏమీ తెలియదు. పొర వేయని కేబిన్ రేకు గట్టిగా ఉంటుంది, మనిషి మాత్రం మాడిపోయాడు. పొర వేయించని యజమానులంతా పిసినారులని మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు. తడి పీల్చని పదార్థం అందుబాటులో లేనప్పుడు ఈ తీరంలో రేకును కాపాడటం, మనిషిని కాపాడటం ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. రేకుకు వెల ఉంది గనుక రేకు గెలిచింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) హార్డ్‌బోర్డు ఉన్న గోడ పొర ఏ సంవత్సరం కంటే ముందుది కాజాలదు? ఎందుకు?
(ఆ) తడిసిన గోనెగుడ్డ పొర వల్ల కలిగే రెండు నష్టాలు ఏవి?

8.6 అభ్రకం, రొయ్య, డ్రైవర్

ఇక మన ప్రధాన ప్రశ్నకు వద్దాం. వేడిని ఆపే విద్య నెల్లూరు తీరానికి తెలియదా?

గూడూరు చుట్టుపక్కల గనుల నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల నుంచీ అభ్రకం తవ్వుతున్నారు. ఆకుపచ్చ ఛాయ గల నెల్లూరు అభ్రకం ప్రపంచ విపణిలో పేరున్న సరుకు. దాన్ని ప్రపంచం కొన్నది అది వేడిని, విద్యుత్తును తట్టుకొని అడ్డుకుంటుంది కనుకనే. మోటార్లలో, రేడియోల్లో, ఇస్త్రీపెట్టెల్లో అది పనిచేసింది. ఈ జిల్లాలోనే వేడిచేస్తే ఉబ్బి, తేలికై, వేడిని ఆపే వర్మిక్యులైట్ అనే ఖనిజమూ దొరుకుతుంది. అభ్రకపు రేకులను లారీ గోడకు వేయడం ఖర్చుతో కూడిన పని, అవసరమూ లేదు. మనం గమనించవలసినది వేరు. వేడిని ఆపే పదార్థానికి విలువ ఉంటుందని ఈ ప్రాంతపు వ్యాపారానికి బాగా తెలుసు.

రెండో ఉదాహరణ ఇంకా దగ్గరిది. 1990ల మొదట్లో నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు వేగంగా పెరిగాయి. 1994–95లో తెల్లమచ్చల తెగులు ఆ సాగును దెబ్బతీసింది. 1996లో ఎస్. జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆటుపోట్లు వచ్చినా సాగు నిలిచింది. పట్టిన రొయ్యను చెరువుగట్టు నుంచి ప్రాసెసింగ్ కర్మాగారానికి మంచులోనే తీసుకువెళ్ళాలి. మంచు కరిగితే సరుకు పాడవుతుంది, విదేశీ కొనుగోలుదారు తిరస్కరిస్తాడు. అందుకని ఆ వాహనాల వెనుక బాడీకి రెండు పలకల మధ్య పాలీయూరిథేన్ నురగ నింపిన మందపాటి గోడలు కట్టారు.

ఇప్పుడు అలాంటి వాహనాన్ని మధ్యకు కోసినట్లు ఊహించుకోండి. వెనుక పెట్టె గోడలో నురగ నిండి ఉంది. రొయ్య చల్లగా ఉంది. దానికి ముందున్న కేబిన్ గోడ పల్చని రేకు, ప్లైవుడ్, రెగ్జిన్. మనిషి వేడిలో ఉన్నాడు. రెండు గోడల మధ్య దూరం కొన్ని అంగుళాలే. పదార్థం అక్కడే ఉంది, పనివాడు అక్కడే ఉన్నాడు, విద్య అక్కడే ఉంది. తేడా ఒక్కటే. రొయ్య పాడైతే నష్టం ఎంతో, ఎవరిదో లెక్క ఉంది. డ్రైవర్ అలసిపోతే నష్టాన్ని లెక్కించే పద్దు లేదు.

8.7 చట్టం ఏ గోడను చూసింది?

ఈ పద్దు ఎందుకు లేదో తెలుసుకోవడానికి మూడు చట్టాలను పోల్చి చూడాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ పనిగదిలో గాలి ఆడటం, ఉష్ణోగ్రతల గురించి మాట్లాడింది. గోడలు, పైకప్పు ఉష్ణోగ్రతను వీలైనంత తక్కువగా ఉంచే పదార్థంతో, ఆ విధంగా కట్టాలని అది నిర్దేశించింది. విపరీతమైన వేడి పుట్టించే పనిని కార్మికుల నుంచి వేరుచేయడానికి, వేడి భాగాలకు ఇన్సులేషన్ చేయడానికి కూడా అందులో చోటుండేది. అంటే గోడ పదార్థం కార్మికుడి హక్కుకు సంబంధించిన విషయమని స్వతంత్ర భారతం తొలినాళ్ళలోనే అంగీకరించింది. అయితే ఆ గోడ ఫ్యాక్టరీ గోడ. ఇంజను పక్కన కూర్చున్న డ్రైవర్ పనిచేసేది ఫ్యాక్టరీలో కాదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్ల కోసమే వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితిని, విశ్రాంతి గదులను, క్యాంటీన్లను, ప్రథమ చికిత్సను అది ప్రస్తావించింది. కాని కేబిన్ గోడ జోలికి పోలేదు. పైగా అది మామూలుగా ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానుల దగ్గర పనిచేసేవారు దాని పరిధికి బయటే ఉండిపోయారు. మన దేశపు లారీల్లో పెద్ద భాగం అలాంటి చిన్న యజమానులవే.

మోటారు వాహనాల చట్టాలు, అంటే 1914, 1939, 1988 నాటివి, రిజిస్ట్రేషన్, లైసెన్సు, పర్మిట్, బరువు, భద్రతల మీద దృష్టి పెట్టాయి. 1975లో వచ్చిన జాతీయ పర్మిట్ పథకం వల్ల ఒక లారీ అనేక రాష్ట్రాల్లో తిరగగలిగింది. డ్రైవర్ కేబిన్‌లో ఉండే కాలం పెరిగింది, కేబిన్ మారలేదు. తరువాతి కాలంలో ట్రక్కు బాడీ, కేబిన్ నిర్మాణానికి ఏఐఎస్-093 వంటి ప్రమాణాలు తయారయ్యాయి. కంపెనీ కట్టిన కేబిన్ల వాడకం పెరిగింది. చివరకు 2025 నుంచి కొత్తగా తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల ట్రక్కులకు, అంటే 3.5 టన్నులకు మించిన సరుకు వాహనాలకు, ఏసీ కేబిన్ తప్పనిసరి అయింది.

ఫ్యాక్టరీ గోడకు 1948, లారీ కేబిన్‌కు 2025. మధ్యలో 77 సంవత్సరాలు. ఏసీ ఒక్కటే సమాధానం కాదని కూడా మీరు ఇప్పుడు చెప్పగలరు. గోడలో పొర సరిగా లేకపోతే ఏసీ చేసే చల్లదనం రేకులోంచి బయటకు పోతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే ఏసీ ఆగిపోతుంది. చట్టం అమలు కూడా చివరకు గోడ మీదే ఆధారపడుతుంది.

8.8 పాత గోడను బాగుచేయడం, భద్రపరచడం

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేర్చిన నిబంధనలు 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించాయి. అయితే అవి ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్ల తరగతికే పరిమితం. సరుకు లారీకి ఆ గౌరవం లేదు. పాత లారీ చేరేది తుక్కు దుకాణానికే. అందువల్ల ఒక పాత కేబిన్‌ను బాగుచేసే అవకాశం మీ ఊళ్ళో ఎవరికైనా వస్తే చరిత్ర విద్యార్థిగా మీరు ఈ క్రమం సూచించండి.

1. ముందు నమోదు. పొరలు విప్పకముందు, ప్రతి పొర విప్పిన తరువాత ఫోటో తీయండి. ప్రతి పొర నుంచి అరచేతంత ముక్కను తేదీ రాసి కవరులో దాచండి.

2. బూడిదరంగు పీచు అట్ట కనిపిస్తే గీకవద్దు, విరవవద్దు, చీపురుతో ఊడ్చవద్దు. అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య హక్కుపై సుప్రీంకోర్టు 1995లోనే ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. దాన్ని కదపకుండా నిపుణులకు అప్పగించాలి.

3. తుప్పును పూర్తిగా తీసి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, బాగా ఆరనిచ్చి ప్రైమర్ వేయాలి. గోడ అడుగున నీరు పోయే రంధ్రాలను ఎప్పుడూ మూయకూడదు.

4. రేకు మోగే చోట్ల తారు లేదా బ్యూటైల్ షీటు, దానిపై నీరు పీల్చని మూసిన రంధ్రాల నురగ అంటించాలి. గోనెగుడ్డను మళ్ళీ కుక్కవద్దు.

5. పలకను మేకులతో కాక మరలతో బిగించాలి. ఎప్పుడైనా విప్పి తుప్పు చూసుకోవడానికి వీలుండాలి. పాత రెగ్జిన్ నిలిచి ఉంటే దాన్నే శుభ్రం చేసి తిరిగి వేయాలి.

చివరి సూచన వెనుక ఉన్న సూత్రం కట్టడాల పరిరక్షణకు సంబంధించినదే. తక్కువ మార్పు చేయాలి, చేసిన మార్పును మళ్ళీ తీసివేయగలగాలి, కొత్తది ఏదో పాతది ఏదో తెలియాలి.

చేసి చూడండి: మీకు దగ్గరలోని ఆటోనగర్‌కు వెళ్ళి సీటు వర్కు, కేబిన్ పని చేసే ఒక పెద్ద మేస్త్రీతో మాట్లాడండి. ఏ పొర ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, ఎవరు అడిగితే వేశారు అని అడగండి. ఒక పేజీకి మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి. ఆయన అనుమతి లేకుండా పేరు రాయవద్దు.

8.9 సారాంశం

నెల్లూరు తీరంలో పడవ తరువాత లారీ ప్రధాన రవాణా సాధనమైంది. మన దేశంలో కంపెనీ ఛాసిస్‌ను, స్థానిక పనివారు కేబిన్‌ను తయారుచేసే పద్ధతి చాలాకాలం నడిచింది. దానివల్ల కేబిన్ గోడ ఎవరి పూర్తి బాధ్యతా కాకుండా పోయింది. ఆ గోడలోని పొరలను, వాటి పదార్థాలను, వాటి లోపాలను చదివితే రాతపత్రాల్లో లేని శ్రామిక జీవితం కొంత తెలుస్తుంది. ఉప్పుగాలి వల్ల రేకు క్షేమం, మనిషి క్షేమం ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. నురగ గోడ రొయ్యకు ముందు దక్కింది. ఫ్యాక్టరీ గోడను 1948లో పట్టించుకున్న చట్టం లారీ కేబిన్ దాకా రావడానికి 2025 వరకు పట్టింది. ఒక సమాజం ఏ గోడలో ఏమి నింపిందో చూస్తే అది దేనికి విలువ కట్టిందో అర్థమవుతుంది.

8.10 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' – సమాధానాలు

1. (అ) తుఫానులు, పూడిక వల్ల కాలువ పాడవడం, రోడ్డు రవాణా పోటీ. (ఆ) గుర్రపు బళ్ళు, జట్కాలు కట్టిన వడ్రంగం, కమ్మరం, తోలుపని.
2. (అ) 1924. హార్డ్‌బోర్డును రూపొందించింది ఆ సంవత్సరంలోనే. (ఆ) వేడిని ఆపే గుణం పోతుంది, తడి రేకుకు ఆని ఉండటం వల్ల తుప్పు పెరుగుతుంది.

8.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లారీ కేబిన్ గోడను ఒక వస్తు ఆధారంగా ఎలా చదవవచ్చో సోదాహరణంగా వివరించండి.
2. ఛాసిస్, కేబిన్ తయారీ వేరువేరుగా ఉండటం డ్రైవర్ పని పరిస్థితులపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఛాసిస్ వయసు, కేబిన్ వయసు, లోపలి పొర వయసు ఎందుకు వేరుగా ఉంటాయి?
2. 1948 ఫ్యాక్టరీల చట్టాన్ని, 1961 మోటారు రవాణా కార్మికుల చట్టాన్ని పనిచోటు వేడి దృష్టితో పోల్చండి.
3. ఉప్పుగాలి వీచే తీరంలో కేబిన్ గోడకు పొర వేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?